తాళం లేని ఇంటికి పంచనామా

కరోనా కాలం ముగిశాక వచ్చిన శాసనసభ ఎన్నికల ఏడాది, ఆగస్టు మొదటి వారంలో నన్ను పాతబస్తీలోని ఒక మండలానికి తహసీల్దారుగా బదిలీ చేశారు. ఉద్యోగ విరమణకు ఇంకా ఏడాదిన్నర ఉంది. ఎన్నికల ఏడాదిలో తహసీల్దారుకు ఇంకో బాధ్యత కూడా అప్పగిస్తారు. దాని పేరు సహాయ ఓటర్ల నమోదు అధికారి. నియోజకవర్గం మొత్తానికి నమోదు అధికారి ఒకరుంటారు. ఆయన కింద, జాబితాలో కొన్ని భాగాలకు చేర్పులూ తొలగింపులూ పరిశీలించి ఉత్తర్వు మీద సంతకం చేసేవాడు సహాయ అధికారి. నియోజకవర్గం పేరు రాయడం లేదు. ఇలాంటిది ఎక్కడైనా జరగవచ్చు కాబట్టి పేరు అనవసరం.

ఆ ఆఫీసు నాకు కొత్త కాదు. మా నాన్న గుంటూరు వైపు నుంచి ప్రభుత్వోద్యోగం మీద వచ్చి యాకుత్‌పురా స్టేషన్ దగ్గర అద్దెకు దిగాడు. నేను పుట్టి పెరిగింది అక్కడే. జూనియర్ అసిస్టెంటుగా మొదటి పోస్టింగు ఇదే ఆఫీసులో. అప్పుడు నాకు పని నేర్పింది పై అధికారులు కాదు, దఫేదార్ పెంటయ్య. దఫేదార్ అంటే అటెండర్లలో పెద్ద. నోటీసులు ఇళ్లకు చేర్చే పని ఆయనది. నాలుగో తరగతి దాకా ఉర్దూ బడిలో చదివాడు కాబట్టి సంతకం ఉర్దూలో చేసేవాడు. చివరి అక్షరం కింద ఒక పొడవాటి గీత లాగేవాడు. వంద కాగితాల మధ్య ఉన్నా ఆ సంతకం నేను గుర్తుపట్టగలను.

నోటీసు ఇవ్వడం చిన్న పనిలా కనిపిస్తుంది. కాని ఒక మనిషి హక్కును తీసేసేముందు ఆ మనిషికి చెప్పామా లేదా అన్నది అక్కడే తేలుతుంది. మనిషి దొరికితే చేతికిచ్చి సంతకం తీసుకోవాలి. ఇల్లు తాళం వేసి ఉంటే తలుపుకు అతికించి, అతికించినట్టు ఇద్దరు స్థానికుల ముందు పంచనామా రాయాలి. జరిగింది జరిగినట్టు రాసి, చూసినవాళ్ల సంతకాలు తీసుకునే కాగితమే పంచనామా. మొదటిసారి నన్ను వెంట తీసుకెళ్లినప్పుడు పెంటయ్య మైదా జిగురు డబ్బా నా చేతికిచ్చి, "తాళం మీద గాదు సార్, తాళానికి జానెడు పైన పెట్టాలె. తాళం తీసేటోని కన్ను ఆడనే పడ్తది" అన్నాడు. ఇరుపక్కల ఇళ్లలో అడగకుండా అతికించడానికి ఒప్పుకునేవాడు కాదు.

ఆయన నేర్పింది ఇంకొకటి కూడా ఉంది. గల్లీల్లో సర్కారు కాగితం మీద సంతకం అంటే జనం వెనక్కి తగ్గుతారు. రేపు కోర్టుకు పిలుస్తారేమో అన్న భయం. అందుకని ప్రతి ఆఫీసుకూ ఒకరిద్దరు అలవాటైన సాక్షులు ఉండేవాళ్లు. ఖాళీ పంచనామా ఫారాల మీద వాళ్లు ముందే సంతకాలు చేసి పెట్టేవాళ్లు. పని జరిగాక పై వివరాలు నింపేవాళ్లం. నోటీసు నిజంగానే అతికించేవాళ్లం కాబట్టి అందులో తప్పు కనిపించలేదు. పెంటయ్యకూ కనిపించలేదు, నాకూ కనిపించలేదు.

నేను మళ్లీ ఆ ఆఫీసుకు వచ్చేసరికి ఆయన పదవీ విరమణ చేసి పన్నెండు పదమూడేళ్లయింది. పురానాపూల్ దగ్గర ఒక గల్లీలో, తండ్రి కట్టిన రెండు గదుల ఇంట్లో, భార్య సత్తెమ్మతో ఉంటున్నాడు. చేరిన వారంలోనే వెళ్లి పలకరించి వచ్చాను. "పోయేటప్పుడు చిన్న కుర్సీ, వచ్చేటప్పుడు పెద్ద కుర్సీ. మస్తు ఖుషీ సార్" అన్నాడు.

ఆగస్టు నుంచి జాబితా శుద్ధి మొదలైంది. చనిపోయినవాళ్లు, ఇల్లు మారినవాళ్లు, రెండుచోట్ల ఉన్నవాళ్ల పేర్లు తీసేయాలి. అవసరమైన పనే. ప్రతి పోలింగ్ కేంద్రానికి ఒక బీఎల్ఓ, అంటే బూత్ స్థాయి అధికారి ఉంటారు. పెంటయ్య ఉండే భాగానికి బీఎల్ఓ సరిత అనే అంగన్‌వాడీ టీచరు. కార్వాన్ నుంచి వచ్చేది. అక్కడికి కొత్త. పొద్దున అంగన్‌వాడీ, మధ్యాహ్నం ఇంటింటి పరిశీలన. ప్రతి సాయంత్రం పైనుంచి వీడియో సమావేశం. ఏ మండలంలో ఎన్ని పెండింగు ఉన్నాయో తెర మీద రంగుల్లో చూపించేవాళ్లు. మాది చాలా రోజులు ఎరుపులో ఉంది.

తుది జాబితాకు గడువు దగ్గరపడిన వారంలో సరిత భాగం నుంచి ఒక కట్ట వచ్చింది. తాళం వేసి ఉన్నాయని, మూడుసార్లు వెళ్లినా ఎవరూ లేరని, నోటీసులు అతికించామని నివేదికలు. ప్రతి దానికీ పంచనామా జతచేసి ఉంది. నేను పంచనామా తిప్పి చూశాను. మొదటి సాక్షి సంతకం ఉర్దూలో, కింద పొడవాటి గీతతో ఉంది. నాకు నిశ్చింతగా అనిపించింది. పెంటయ్య దగ్గరుండి చూశాడంటే తలుపులు నిజంగానే మూసి ఉన్నాయి, ఇరుపక్కలా అడిగి ఉంటారు. విచారణ తేదీన ఎవరూ రాలేదని రాసి, ఉత్తర్వుల మీద వరసగా సంతకాలు చేశాను. పేర్లు చదవలేదు. ఉత్తర్వులో వరస సంఖ్య, కార్డు సంఖ్య ఉంటాయి. పేర్లు వెనక జతచేసిన పట్టికలో ఉంటాయి. నేను పట్టిక దాకా వెళ్లలేదు. ఆ సాయంత్రం మా మండలం ఆకుపచ్చలోకి వచ్చింది.

పోలింగ్ రోజున పోలింగ్ కేంద్రాలు తిరిగి చూసే పని నాది. పొద్దున తొమ్మిది దాటాక పురానాపూల్ దగ్గరి ఒక బడి ముందు జీపు ఆగింది. బయట సహాయ కేంద్రం బల్ల దగ్గర సరిత ఏదో పేరు దొరక్క జాబితాలో వేలు పెట్టి కింద నుంచి పైకి వెతుకుతోంది. ఆమె ఎదురుగా పెంటయ్య, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాలో ఉన్నాడు. పక్కన సత్తెమ్మ రెండు ఓటరు కార్డులు పట్టుకొని ఉంది. వెనక వరసలో వాళ్ల గల్లీ మొగదల చాయ్ హోటల్ నడిపే కరీం భాయ్ నవ్వుతున్నాడు.

"క్యా దఫేదార్ సాబ్, జిందగీ అంతా మందికి నోటీసులు అతికిస్తివి. నీ దర్వాజకు అతికిచ్చేటోడే దొరకలేదా?"

"నవ్వకు భాయ్. అగో సార్ వచ్చిండు. ఇగ ఫికర్ లేదు" అన్నాడు పెంటయ్య.

లోపలికి వెళ్లి ప్రిసైడింగ్ అధికారి దగ్గరున్న జాబితా అడిగి తీసుకున్నాను. పెంటయ్య ఫొటో, పేరు, వయసు ఉన్న చిన్న చతురస్రం మీద ఏటవాలుగా "తొలగించబడినది" అని అచ్చయి ఉంది. దాని పక్క చతురస్రంలో సత్తెమ్మ. ఆమె మీదా అదే మాట. ఆ పేజీలో అలాంటివి ఇంకా ఉన్నాయి. అన్నీ ఆ గల్లీవే. నాకు ముందు జాబితా ముద్రణలో పొరపాటు అనిపించింది. తర్వాత కాదని తెలిసింది.

నామినేషన్ల గడువు ముగిశాక జాబితా మూసేస్తారు. ఆ తర్వాత ఒక్క పేరు చేర్చే అధికారం కూడా ఎవరికీ ఉండదు. నాకు లేదు, కలెక్టరుకు లేదు. మనిషి ఎదురుగా నిలబడి ఉన్నా, కార్డు చేతిలో ఉన్నా, తొలగించిన పేరుకు ఓటు లేదు. ఇది నియమం. ఈ నియమం ఉండాల్సిందే. లేకపోతే పోలింగ్ రోజున వెయ్యిమందిని కొత్తగా తెచ్చి నిలబెట్టవచ్చు. బయటికి వచ్చి ఆ మాటే ఆయనకు చెప్పాను.

నేను వేళాకోళం చేస్తున్నానేమో అని ఆయన ముందు అనుకున్నట్టున్నాడు.

"ఎవడు కొట్టేసిండు సార్?"

ఫైలు చూడాలన్నాను.

"ఫైలు మీ కాడనే గద ఉండేది?"

ఉంటుందన్నాను.

"ఉత్తర్వు మీద దస్తఖత్ గూడ మీదే ఉంటది గద సార్."

అవునన్నాను. ఆ మాటలో నిందేమీ లేదు. ఏ కాగితం ఎవరి బల్ల మీదికి పోతుందో తెలిసిన మనిషి అడిగిన ప్రశ్న అది. సత్తెమ్మ మాత్రం ఊరుకోలేదు. "నలభై ఏండ్లు ఓటు డబ్బలు మోసిండు సార్ ఈయన. ఈయనకే లేదంటె ఇంకెవరికున్నట్టు?" అంది. ఆమె కార్డులు కొంగులో చుట్టుకుంది, ఇద్దరూ ఇంటివైపు నడిచారు. నేను జీపెక్కి ఇంకో కేంద్రానికి వెళ్లాను. ఆ రోజు మిగతా పని ఎలా చేశానో గుర్తులేదు.

మర్నాడు పొద్దున ఆఫీసు తెరవగానే ఆ కట్ట తెప్పించాను. పెంటయ్య వరస సంఖ్యకు చెందిన కాగితాలు విడిగా తీశాను. మూడుసార్లు వెళ్లగా ఇల్లు తాళం వేసి ఉందని నివేదిక. నోటీసు నకలు. పంచనామా. "ఈ దిగువ సంతకం చేసిన స్థానికుల సమక్షంలో, తాళం వేసి ఉన్న పై ఇంటి తలుపునకు నోటీసు అతికించడమైనది." కింద మొదటి సాక్షి సంతకం పెంటయ్యది. రెండోది కరీం భాయ్‌ది. దాని తర్వాతి కాగితం నా సంతకంతో ఉత్తర్వు.

తన ఇల్లు తాళం వేసి ఉందనీ, తాను అక్కడ ఉండటం లేదనీ పెంటయ్య స్వయంగా సాక్ష్యం ఇచ్చాడు. ఆ సాక్ష్యాన్ని నమ్మి నేను ఆయన పేరు తీసేశాను. కాగితాలను మళ్లీ మొదటి నుంచి చదివాను. ఒక్క ఖాళీ లేదు, ఒక్క తేదీ తప్పు లేదు. నా ఉద్యోగ జీవితంలో అంత సక్రమంగా ఉన్న ఫైలు తక్కువగా చూశాను. నన్ను నిలబెట్టేసింది అదే.

సరితను పిలిపించాను. ఆమె కాగితం చూసి ఇంటి నంబరు మీద వేలు పెట్టింది. తర్వాత ఆమె చెప్పింది ఇది. కొన్నేళ్ల కింద పన్నుల సిబ్బంది ఆ గల్లీలో తలుపులకు కొత్త నంబర్లు రాసి పోయారు. ఓటర్ల జాబితాలో మాత్రం పాత నంబర్లే ఉన్నాయి. ఆమె చేతిలోని జాబితా ప్రకారం వెతికితే ఆ నంబర్లున్న తలుపులు కనిపించలేదు. దొరకని ఇంటికి ఏం రాయాలని పైవాళ్లను అడిగితే, ఫారంలో అలాంటి గడి లేదు, తాళం అని రాయమన్నారు. పంచనామాకు సాక్షులు దొరకలేదు. మూడోరోజు ఎండకు తట్టుకోలేక ఒక ఇంటి అరుగు మీద కూర్చుంది. ఆ ఇంటి పెద్దమనిషి మంచినీళ్లిచ్చి, ఏం కష్టమొచ్చిందని అడిగాడు. తానూ తహసీల్దారు ఆఫీసులోనే చేశానని చెప్పాడు.

"'గవాయి కోసం గింత లొల్లి ఎందుకు బిడ్డా, ఫారాలు ఇటు తే' అన్నడు సార్ తాత. అన్నిటి మీద ఒక్కసారే దస్తఖత్ జేసిండు. హోటల్ భాయ్ తోని గూడ జేపిచ్చిండు. మంచోడు దొరికిండని సంబురపడ్డ."

ఆ తలుపు మీద నంబరు చూశావా అని అడిగాను. చూసిందట. కొత్త నంబరు. ఆమె జాబితాలో లేని నంబరు కాబట్టి పట్టించుకోలేదు. నోటీసులు ఎక్కడ అతికించావని అడిగాను. సంచి తెరిచి చూపించింది. అవన్నీ అందులోనే ఉండిపోయాయి.

ఆ గల్లీలో పాత నంబర్లన్నీ నోటికి వచ్చిన మనిషి ఒక్కడే. ఆమె ఆయన అరుగు మీదే కూర్చుంది. ఈ ఇళ్లు ఎక్కడున్నాయని ఆమె అడగలేదు. ఈ ఫారాలు ఏ ఇళ్లకని ఆయన అడగలేదు. పేర్లేమిటని నేను చూడలేదు. ముగ్గురిలో ఎవరు ఒక్క ప్రశ్న అడిగినా సరిపోయేది.

అదే రోజు మధ్యాహ్నం పంచనామా నకలు తీసుకొని పెంటయ్య ఇంటికి వెళ్లాను. చెప్పకుండా ఉండే వీలుంది. పొరపాటు జరిగింది, మళ్లీ నమోదు చేయిస్తాను అంటే ఆయన నమ్మేవాడు. దారిలో ఆ ఆలోచన వచ్చిన మాట నిజం. కాని ఆయన ఫైలు గురించి అడిగాడు. ఫైలు చూస్తానని నేను మాటిచ్చాను.

ఆయన కళ్లద్దాలు పెట్టుకొని కాగితం రెండుసార్లు చదివాడు. తెలుగు మెల్లగా కూడబలుక్కొని చదువుతాడు. సంతకం దగ్గర వేలు ఆగింది.

"దస్తఖత్ నాదే సార్."

వేలు పై వరసలోని తాళం అన్న మాట మీదికి జరిపాడు. "అంటె నేను ఇంట్ల కూసొని, ఇల్లు తాళమేసి ఉన్నదని గవాయి ఇచ్చిన."

సత్తెమ్మ లోపలి నుంచి వచ్చి కాగితంలో ఏముందని అడిగింది. ఆయనే చెప్పాడు, ఏమీ దాచకుండా. ఆమె ముందు నమ్మలేదు. తర్వాత, "నీ పేరు నువ్వు కొట్టేసుకున్నవ్, సరే. నన్నెందుకు కొట్టేసినవ్?" అంది. అది నన్ను కూడా అడిగినట్టే అనిపించింది.

ఆయన అడిగింది ఒక్కటే. గల్లీలో ఇంకెవరి పేర్లు పోయాయని. పట్టిక చదివాను. పద్నాలుగు ఇళ్లు. ఒక్కో పాత నంబరు చదువుతుంటే, "గది లింగమయ్యది", "గది అత్తరు దుకాణమోళ్లది", "గా ఇంట్ల ముసలామె ఒక్కతే ఉంటది" అని ఆయన చెబుతూ పోయాడు. ఏ ఇంటికీ తాళం లేదు. చివరికి పట్టిక నా చేతిలోంచి తీసుకొని మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఆళ్లకు నేను చెప్త సార్. మీరు చెప్తె సర్కారు చెప్పినట్టుంటది" అన్నాడు.

నేను నమోదు అధికారికి నాలుగు పేజీల నివేదిక రాశాను. నోటీసులు ఇవ్వలేదని, పంచనామాలు ఖాళీగా సంతకం చేయించినవని, పరిశీలించకుండా ఉత్తర్వు ఇచ్చింది నేనేనని రాశాను. సరిత మీద చర్య అనవసరమని, ఆమెకు ఇచ్చిన జాబితాలోనే నంబర్లు తప్పని కూడా రాశాను. పైనుంచి ఫోను వచ్చింది. ఫలితం వచ్చేసింది, మెజారిటీ పెద్దది, ఆ గల్లీ ఓట్లు అటు కలిపినా ఇటు కలిపినా తేడా ఏం లేదు, ఇంత వివరంగా ఎందుకు రాశారని అడిగారు. ఓడిన పక్షంవాళ్లకూ ఆసక్తి లేకపోయింది. ఇకముందు జాగ్రత్త వహించాలని నాకు ఒక మెమో వచ్చింది. ఫైలు మూసేశారు.

రాజ్యాంగ సంక్షోభం అనే మాట పత్రికల్లో చాలాసార్లు చదివాను. శాసనసభ్యులను బస్సుల్లో ఎక్కించి ఇంకో రాష్ట్రానికి తరలించినప్పుడు, గవర్నరు బలనిరూపణకు గడువు పెట్టినప్పుడు ఆ మాట వాడతారు. పద్దెనిమిదేళ్లు నిండిన ప్రతి పౌరుడికీ ఓటు ఉంటుందని చెప్పే మూడువందల ఇరవై ఆరో అధికరణ ఒక గల్లీ మొత్తానికి పనిచేయకుండా పోయినప్పుడు ఆ మాట ఎవరూ వాడలేదు. ఎవరూ చట్టాన్ని ఎదిరించలేదు. ఎవరికీ దురుద్దేశం లేదు. నేను చదివిన పుస్తకాల్లో ప్రజాస్వామ్యానికి ప్రమాదం తెచ్చేవాళ్లు ఎప్పుడూ వేరేవాళ్లు. ఇక్కడ ఒక మంచి అటెండరు, అలసిపోయిన ఒక టీచరు, మంచిపేరున్న ఒక తహసీల్దారు ఉన్నాం.

తొలగించిన పేరును తిరిగి చేర్చాలంటే కొత్త ఓటరు నింపే ఫారమే నింపాలి. డెబ్బై దాటిన పెంటయ్య కొత్త ఓటరుగా దరఖాస్తు పెట్టాడు. డిసెంబరంతా సరిత వెంట తిరిగి పద్నాలుగు ఇళ్లవాళ్లతో ఫారాలు నింపించాడు. తలుపుల మీద కొత్త నంబరు పక్కన పాత నంబరు సుద్దతో రాశాడు. కొందరు ఆయన్ను తిట్టారని, ఒకామె తలుపు వేసేసిందని సరిత చెప్పింది. ఆయన మర్నాడు మళ్లీ ఆ తలుపు దగ్గరికి వెళ్లాడట. జనవరి చివర వచ్చిన జాబితాలో అందరి పేర్లూ ఉన్నాయి.

ఫిబ్రవరిలో పెంటయ్య చనిపోయాడు. గుండె ఆగిపోయిందన్నారు. లోక్‌సభ ఎన్నికలకు ఇంకా సమయం ఉంది. తిరిగి వచ్చిన ఓటు ఆయన వేయలేదు.

నెల దాటాక సత్తెమ్మ మరణ ధ్రువపత్రం తీసుకొని ఆఫీసుకు వచ్చింది. ఎవరూ రమ్మనలేదు. కుర్చీలో కూర్చోమంటే కూర్చోలేదు. "పోయినసారి బతికున్నోన్ని కొట్టేసిన్రు. ఈసారి నిజంగ పోయిండు. కొట్టెయ్యున్రి సార్" అంది. ఏడవలేదు.

ధ్రువపత్రం ఉంటే పంచనామా అవసరం లేదు. అయినా నేనూ సరితా ఆ ఇంటికి వెళ్లాం. తలుపు మీద రెండు నంబర్లూ ఉన్నాయి. పాతది సుద్దతో ఆయన రాసింది. ఇరుపక్కల ఇళ్లలో అడిగాం. కరీం భాయ్ హోటల్ వదిలి వచ్చి, కాగితంలో ఏం రాశారో పూర్తిగా చదివించుకొని, అప్పుడు సంతకం చేశాడు. పేరు, తండ్రి పేరు, వయసు, ఇంటి నంబరు చదివి నేను ఉత్తర్వు మీద సంతకం పెట్టాను.

ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్న పది నెలల్లో తొలగింపులు ఒక్కొక్కటే చూసి పంపడంతో మా మండలం తెర మీద మళ్లీ ఎరుపులోకి వెళ్లింది, విరమణ దాకా అలాగే ఉంది. నాకు తెలిసింది ఇంతే. ఫైలు సక్రమంగా ఉందంటే కాగితాలు ఒకదానితో ఒకటి సరిపోయాయని అర్థం. అవి మనిషితో సరిపోయాయో లేదో తెలియాలంటే తలుపు దగ్గరికి వెళ్లాలి. తెలిసినవాళ్ల సంతకం ఉన్న కాగితానికి మరింత తప్పనిసరిగా వెళ్లాలి, ఎందుకంటే దాన్ని మనం చదవం.